చూపు, పత్రం: నూజివీడు మామిడి సీమలో అమ్మకపు ఇంటి చరిత్ర

తెలుగులో ‘ఇల్లు కట్టుకొన్నాడు’ అన్న వాక్యానికీ ‘ఇల్లు అమ్ముకొన్నాడు’ అన్న వాక్యానికీ నిర్మాణం ఒకటే. రెండింటిలోనూ ప్రధాన క్రియకు ఆత్మార్థకమైన ‘కొను’ చేరింది. అయినా వినేవారికి మొదటిది అభ్యుదయాన్నీ రెండోది పతనాన్నీ స్ఫురింపజేస్తుంది. ‘కూరగాయలు అమ్ముకొంటున్నాడు’ అంటే జీవనోపాధి. ‘ఇల్లు అమ్ముకొన్నాడు’ అంటే అప్పు, వ్యసనం, వలస, దాయాదుల తగాదా, వీటిలో ఏదో ఒకటి ఆ ఇంట ప్రవేశించిందని ఊరు అర్థం చేసుకొంటుంది. అమ్మకం అపకీర్తితో ముడిపడిన చోట, అమ్మదలచిన ఇంటిని కొనేవారి కంటికి ఇంపుగా తీర్చిదిద్దే అలవాటు ఎట్లా పుట్టింది? ఇప్పుడు ఆ అలవాటు ఉంది. స్థిరాస్తి ప్రకటనలు, నమూనా ఇళ్ళు, రంగులు దిద్దిన ముఖద్వారాలు దానికి సాక్ష్యం. పాశ్చాత్యానుకరణ అని సులువుగా సమాధానం చెప్పవచ్చు. నూజివీడు మామిడి సీమ చరిత్ర మరొక సమాధానాన్ని సూచిస్తుంది.

ఈ సీమలో తరతరాలుగా రెండు రకాల అమ్మకాలు పక్కపక్కనే సాగాయి. చెట్టుమీది కాపును చూపుతో అమ్మారు. ఇంటిని పత్రంతో, పదిమంది మాటతో అమ్మారు. తోటలు ఇళ్ళ స్థలాలుగా మారిన కాలంలో ఈ రెండు సంప్రదాయాలూ ఒకే నేలమీద కలుసుకొన్నాయి. ఇంటి అమ్మకంలోకి అలంకరణ ప్రవేశించిన దారులలో ఒకటి తోట గుండా వచ్చిందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

సీమ, సంస్థానం

కృష్ణా డెల్టా మాగాణికి ఎగువన, విజయవాడకు ఈశాన్యంగా ఉన్న మెట్ట ప్రాంతం నూజివీడు. ఎర్రనేలలు, అక్కడక్కడ గుట్టలు, వాటి నడుమ మామిడి తోటలు ఈ ప్రాంత స్వరూపం. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట పరిసరాలు కూడా ఈ మామిడి సీమలోనివే. చిన్నరసాలు, పెద్దరసాలు, చెరకురసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ ఇక్కడి ప్రధాన రకాలు. నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది. చిరకాలం కృష్ణా జిల్లాలో భాగమైన నూజివీడు 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరింది.

మేకా వంశీయులైన అప్పారావుల సంస్థానంగా నూజివీడు చరిత్రకెక్కింది. ఆ సంస్థానం విభాజ్యమా, అవిభాజ్యమా అన్న వివాదం పంతొమ్మిదో శతాబ్ది చివరి పాదంలో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది; విభాజ్యమేనన్న నిర్ణయం వెలువడింది. ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు వంటి ఎస్టేట్లు ఆ విభజన ఫలితాలు. అంటే ఇక్కడి పెద్ద ఇళ్ళు చేతులు మారిన పద్ధతి పంపకం, దత్తత, దావా. బేరం వాటి గడప తొక్కలేదు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను తొలగించిన తరువాత కోటలకు, బంగళాలకు ఆధారమైన శిస్తు రాబడి ఆగిపోయింది. ఇక్కడ ఒక విచిత్రం చెప్పుకోవలసి ఉంది. మీర్జాపురం రాజా మద్రాసులో నెలకొల్పిన చలనచిత్ర సంస్థకు ఆగిరిపల్లి కొండ పేరుమీద ‘శోభనాచల’ అని పేరు పెట్టారు. 1949లో వచ్చిన ‘కీలుగుర్రం’ ఆ సంస్థ చిత్రమే. చలనచిత్రపు సెట్టు కేవలం చూపు కోసం కట్టిన ఇల్లు. వెనకవైపు గోడ ఉండదు. నిజమైన కోటల నుండి వచ్చిన వ్యక్తి అటువంటి ఇళ్ళ నిర్మాణంలోకి వెళ్ళడం, ఆ తరువాత ఈ సీమలో ఇళ్ళకు జరిగినదానికి అనుకోని పూర్వరంగంలా కనిపిస్తుంది.

వాస్తువు అంటే ఏమి?

ఇంటినీ తోటనూ ఒకే పేరుతో పిలిచిన కాలం ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణమైన ధర్మస్థీయంలో వాస్తువు అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో ఇల్లు, పొలం, తోట, సేతుబంధం, చెరువు అన్నీ చేరుతాయి. ఆ తరువాతి ప్రకరణం వాస్తు విక్రయాన్ని వివరిస్తుంది. కొనే హక్కు మొదట జ్ఞాతులకు, తరువాత ఇరుగుపొరుగువారికి, ఆ పిమ్మట ధనమిచ్చినవారికి. వీరెవరూ ముందుకు రానప్పుడే బయటివారికి. అమ్మకాన్ని ఇంటి ఎదుటనే, ఇరుగుపొరుగు నలభై కుటుంబాల సమక్షంలో ప్రకటించాలి. హద్దులు ఉన్నవి ఉన్నట్టుగా చెప్పాలి. ఈ వెలకు కొనేవారెవరని మూడుసార్లు అడగాలి. పోటీవల్ల పెరిగిన ధర రాజకోశానికి చెందుతుంది. ఈ చివరి నియమం ముఖ్యమైనది. ఇంటిని ఆకర్షణీయంగా చూపి ధర పెంచుకొన్నా ఆ పెరుగుదల అమ్మినవాడికి దక్కదు. అలంకరణకు ప్రోత్సాహమే లేని విక్రయవిధి ఇది.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర కూడా ఈ దారిలోనే నడుస్తుంది. స్వగ్రామం, జ్ఞాతులు, సామంతులు, దాయాదులు – వీరి అనుమతి, హిరణ్యదానం, ఉదకదానం, ఈ ఆరింటితో భూమి చేతులు మారుతుందని ఆ సంప్రదాయం. పదమూడో శతాబ్దిలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరము’ ద్వారా మితాక్షర ధర్మశాస్త్రం తెలుగు పద్యంలోకి వచ్చిన సంగతి సాహిత్య పరిశోధకులకు తెలిసినదే. ఇక్కడ సామంతుడంటే పొరుగువాడు. కొనేవాడి కన్ను ఈ ఆరింటిలో ఎక్కడా లేదు. ఉన్నది ఊరి చెవి.

శాసనాల్లోనూ క్రయపత్రాల్లోనూ కనిపించే అష్టభోగాల మాట కూడా ఇట్లాంటిదే. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం – ఈ ఎనిమిదింటిలో అధికభాగం కంటికి కనిపించనివి. పాతిపెట్టిన ధనం, భూమిలోని నీరు, రాబోయే రాబడి, సాధించదగిన ఫలం. పత్రం అమ్మేది ప్రధానంగా అదృశ్యాన్ని. ‘పుత్రపౌత్ర పారంపర్యముగా, దాన వినియోగ విక్రయాదులకు’ అన్న మాటలు ఆ అదృశ్యానికి కాలాన్ని కూడా జోడిస్తాయి. నేటి దస్తావేజు రచయితలు యాంత్రికంగా రాసే ఈ వాక్యం పూర్వపు విక్రయభావనను భద్రపరిచిన అవశేషం.

ఆంగ్లేయుల చట్టం వచ్చాక పొరుగువాడి స్థానం మారింది. మహమ్మదీయ న్యాయంలోని శఫా, అనగా పొరుగువాడు ముందుగా కొనే హక్కును అమలు చేయడానికి 1870లో మద్రాసు హైకోర్టు అంగీకరించలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అమ్మకాన్ని ఇంటి ఎదుటి నుండి కచేరీకి తరలించాయి. అయినా పొరుగువాడు పూర్తిగా పోలేదు. చతుస్సరిహద్దుల్లో పేరై మిగిలాడు. ‘తూర్పున ఫలానావారి ఇల్లు’ అని రాసినప్పుడల్లా అర్థశాస్త్రపు నలభై కుటుంబాలలో ఒకటి రెండు ఇంకా సాక్ష్యం చెబుతున్నట్టే.

అదే రిజిస్ట్రేషన్ చట్టంలో మామిడి సీమకు సంబంధించిన నిర్వచనం మరొకటి ఉంది. చెట్టుమీది పండు, చెట్టులోని రసం ఆ చట్టం దృష్టిలో చరాస్తి. చెట్టున్న నేల స్థిరాస్తి. కాబట్టి తోటను అమ్మాలంటే దస్తావేజు, రిజిస్ట్రేషను కావాలి; ఆ తోట కాపును అమ్మాలంటే మాట చాలు. ఈ చిన్న భేదం రెండు వేర్వేరు విక్రయ సంస్కృతులకు చట్టం గీసిన గీత.

పూత మీద బేరం

మామిడికి మార్గశిర పుష్యాల నుండి పూత వస్తుంది. వేసవిలో కాయ కోతకు వస్తుంది. రైతులలో చాలామంది కోతదాకా ఆగరు. పూత మీదనో పిందె మీదనో గుత్తదారుకు తోట ఇచ్చేస్తారు. కొందరు రెండు మూడేళ్ళకు కలిపి కూడా ఇస్తారు. కాపలా, కోత, రవాణా, ధరల ఒడుదొడుకులు గుత్తదారువి. పూతకు, కాయకు మధ్య మంచు, తేనెమంచు పురుగు, గాలివాన ఉన్నాయి. వేయి పూలలో ఒకటో రెండో కాయగా నిలిస్తే గొప్ప. అందువల్ల ఈ బేరం సాంతం ఊహ మీద నడుస్తుంది. ఆ ఊహకు ఉన్న ఏకైక ఆధారం గుత్తదారు తోటలో నడిచిన ఆ కొద్దిసేపటి చూపు.

గుత్తదారు వచ్చేనాటికి తోటను సిద్ధం చేయడం రైతుకు వ్యవసాయంలో భాగమే. చెట్ల నడుమ దున్నుతారు. ఎండుపుల్లలు, బదనికలు తీసివేస్తారు. కంచె బాగుచేస్తారు. పూత మీద మందు కొట్టిస్తారు. మొదళ్ళకు పూత పూస్తారు. ఇవన్నీ చెట్టుకు మేలుచేసే పనులే. అదే సమయంలో చూసేవాడికి నమ్మకం కలిగించే పనులు కూడా. సాగుకూ ప్రదర్శనకూ మధ్య గీత గీయడం ఇక్కడ సాధ్యం కాదు. దున్నిన తోట నిజంగానే బాగున్న తోట. అనుభవం గల గుత్తదారు కూడా ఇది తెలిసినవాడే. బాట పక్క వరుసను చూసి ఆగిపోడు. లోపలి వరుసలకు వెళతాడు. కొమ్మ పైభాగాన్ని కాక చెట్టు గర్భాన్ని చూస్తాడు. నిరుటి కాడల గుర్తులు వెదుకుతాడు. అమ్మేవాడి సింగారానికి కొనేవాడి పరీక్ష సమానంగా ఎదిగిన వ్యవహారమిది. చూపుతో అమ్మినా మోసం పరిమితంగా ఉండడానికి ఈ సమతూకమే కారణం.

కోత తరువాతి దశలో ఆ సమతూకం తగ్గుతుంది. బుట్టలోనో పెట్టెలోనో గడ్డి పరిచి కాయలు పేర్చేటప్పుడు పైవరుసకు ఏరిన కాయ చేరుతుంది. ‘పైన పటారం లోన లొటారం’ అన్న సామెతకు సంతలో ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. కాల్షియం కార్బైడుతో మాగబెట్టడం ఈ దిశలో చివరి మెట్టు. పచ్చికాయ పండు రంగు తెచ్చుకొంటుంది. రుచి, పరిమళం వెనకబడతాయి. ఆహార చట్టాలు దీనిని నిషేధించాయి. ఇందులో గమనించవలసిన సంగతి ఒక్కటే. కాయ వెల రంగును బట్టి నిర్ణయమయ్యే చోట రంగు కాయ నుండి విడివడి స్వతంత్ర వస్తువైపోతుంది.

వెల్ల వేసే హక్కు ఎవరిది?

ఇంటి అమ్మకంలో ఇందుకు భిన్నమైన పద్ధతి ఉండేది. కోస్తా గ్రామాల్లో ఇంటికి వెల్ల వేసే సందర్భాలు తెలిసినవే: సంక్రాంతి, పెళ్ళి. వేళ కాని వేళ గోడకు సున్నం పడితే ఊరు కారణం అడుగుతుంది. అమ్మకాన్ని చివరిదాకా గోప్యంగా ఉంచదలచిన కుటుంబానికి వెల్ల వేయడమే ప్రకటన అవుతుంది. అందుచేత ఇల్లు ఉన్న స్థితిలోనే అమ్ముడుపోయేది. గోడమీది నూనె మరకలు, వానచార, గచ్చులో పగుళ్ళు – అన్నీ బేరంలో మాట్లాడుకొనే అంశాలే. కొనేవాడు ముందు అడిగే ప్రశ్నలు గోడ గురించి కావు. పత్రాలు ఎవరి పేరున ఉన్నాయి, అన్నదమ్ములు సంతకం పెడతారా, ఆడపిల్లలకు అభ్యంతరం ఉందా, నుయ్యి ఉమ్మడిదా, చూరునీరు ఎవరి స్థలంలో పడుతుంది? మధ్యవర్తులు కూర్చొని వెల తేల్చాక సంచకరువు, వాడుకలో బయానా, చేతులు మారేది.

ఇల్లు సిద్ధం చేయడం జరిగేది ఆ తరువాత. ఆ పని కొన్నవాడిది. వెల్ల వేయించడం, గుమ్మానికి పసుపు కుంకుమలు, మామిడి తోరణం, వాస్తుశాంతి, పాలు పొంగించడం, ఈ వరుస మొత్తం కొన్నవాడి హక్కు. ఇంటిని కొత్త చేయడం ద్వారా అతడు దానిని తనదిగా చేసుకొంటాడు. అమ్మేవాడే ముందుగా ఆ పని చేస్తే ఆ హక్కును హరించినట్టే. ఈ దృష్టితో చూస్తే పూర్వపు గృహవిక్రయంలో అలంకరణ లేకపోవడం అజ్ఞానమో బీదరికమో కాదు, ఒక మర్యాద.

పాశ్చాత్య పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. అమెరికాలో 1970ల నుండి ‘హోమ్ స్టేజింగ్’ అన్న పేరుతో వ్యాపించిన ఈ వృత్తికి పేరు రంగస్థలం నుండి వచ్చింది. బార్బ్ ష్వార్జ్ అనే మహిళ 1972లో దీనికి ఆద్యురాలని ప్రసిద్ధి. సామాను తగ్గించడం, గోడలకు లేతరంగులు వేయడం, వెలుతురు పెంచడం, కుటుంబపు ఫొటోలు తీసివేయడం ఇందులోని ప్రధాన సూత్రాలు. చూడవచ్చినవారు ఆ ఇంట్లో తమను తాము ఊహించుకోవాలంటే పాతవారి ఆనవాళ్ళు ఉండకూడదన్నది తర్కం. తెలుగు గృహంలో ఇది తలకిందులవుతుంది. నడవాలో దండలు వేసిన పెద్దల పటాలు ఆ ఇంట ఎవరు బతికారో, ఎట్లా బతికారో చెప్పే సాక్ష్యాలు. ‘కలిసివచ్చిన ఇల్లు’ అన్న ఖ్యాతి వెలలో భాగం. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఇల్లు అమ్మేటప్పుడు ఈ రెండు తర్కాల మధ్య నిలబడతారు. చూపించే రోజున దేవుడి పటాలు పెట్టెలోకి, పోపు వాసన కిటికీలోంచి బయటికి పోవాలి. కొనవచ్చినది మరో తెలుగు కుటుంబమైతే వారు తూర్పు ముఖద్వారం ఉందా అని అడుగుతారు. వాస్తు అన్న మాట పొలాన్నీ చెరువునూ వదిలేసి దిక్కులకు కుదించుకుపోయిన పరిణామం సముద్రాలు దాటి కూడా కొనసాగుతున్నది.

స్వదేశంలోనూ ఈ వాస్తు భయమే ఇంటి అమ్మకందారును మొదటగా కదిలించింది. గేటు జరపడం, మెట్ల దిక్కు మార్చడం, ఈశాన్యంలో బరువు తీసివేయడం – కొన్నవాడు చేసుకోవలసిన మార్పులను అమ్మేవాడే ముందుగా చేయించడం మొదలైంది. కొనేవాడి దృష్టిని ఊహించి ఇంటిని మార్చడం ఇక్కడ ఆరంభమైందని చెప్పవచ్చు. అయితే ఇది ఒక్కొక్క ఇంటికి పరిమితమైన మార్పు. పెద్ద మార్పు తోటలో వచ్చింది.

2014: తోట ఇల్లుగా కనిపించిన ఏడాది

2014 జూన్ 2న రాష్ట్ర విభజన అమలులోకి వచ్చింది. కొత్త రాజధాని ఎక్కడన్న ప్రశ్నకు ఆ వేసవిలో వినిపించిన జవాబులలో నూజివీడు పేరు ఒకటి. సెప్టెంబరు 4న శాసనసభలో విజయవాడ పరిసరాల్లో రాజధాని అన్న ప్రకటన వచ్చేదాకా, ఆ తరువాత తుళ్ళూరు ప్రాంతం స్థిరపడేదాకా ఈ సీమలో భూముల ధరలు ఊహ వెంట పరుగెత్తాయి. పూత మీద బేరం చేసిన సీమకు ఊహ మీద వెల కట్టడం కొత్త కాదు. ఈసారి పూత చెట్టుకు కాక నేలకు వచ్చింది.

వ్యవసాయ భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్చే 2006 నాటి చట్టం, దానికి ముందూ వెనకా ఉన్న లేఅవుటు నిబంధనలు తోటను స్థలాలుగా మార్చే కాగితపు దారిని ఏర్పరిచాయి. కాగితపు దారి కన్న ముందు కంటికి దారి పడేది. రోడ్డు మీదికి ఆర్చి లేస్తుంది. లోపలికి గ్రావెలు బాట, దాని ఇరువైపులా సున్నం పూసిన హద్దురాళ్ళు, రంగురంగుల జెండాలు, ముందుభాగాన చిన్న కార్యాలయపు గది, పచ్చిక ముక్క. ఆదివారాల్లో కార్లలో కొనుగోలుదారులను తెచ్చి చూపించి భోజనం పెట్టి పంపుతారు. ఈ ఏర్పాట్లను తోట సింగారంతో పోల్చి చూస్తే బంధుత్వం తెలుస్తుంది. చెట్ల నడుమ దున్నడానికి బదులు చదును, మొదళ్ళ పూతకు బదులు రాళ్ళ సున్నం, కంచెకు బదులు ప్రహరీ. బాట పక్క వరుస చెట్లను ఉంచి లోపలి వరుసలు నరికివేయడం కూడా బుట్టలోని పైవరుస పద్ధతే. మామిడి చెట్టు నీడలో ఇల్లు అన్న చిత్రం కరపత్రంలో అమ్ముడవుతుంది. ఇల్లు ఇంకా లేదు; చెట్టు ఇక ఉండదు. ఉన్నది చూపు ఒక్కటే.

పోలిక ఇక్కడితో ఆగి తేడా మొదలవుతుంది. కాపు కొనే గుత్తదారు లోపలి వరుసకు నడిచేవాడు, ఏటేటా వచ్చేవాడు, చెట్టు తెలిసినవాడు. స్థలం కొనవచ్చిన ఉద్యోగి, దూరదేశపు పొదుపరి జీవితంలో ఒకసారి కొంటాడు. ఏమి చూడాలో అతడికి ఎవరూ నేర్పలేదు. తోటలో ఉన్న సమతూకం స్థలంలో లేదు. రాజధాని మరోచోటికి పోయాక, ఎక్కువ ధరకు కొన్న స్థలం అమ్మకం కాక చిక్కుకొన్నవారిదీ, పత్రం రాసుకొని మిగతా సొమ్ము అందక, తోట కాపూ లేక మిగిలిన రైతుదీ ఒకే నష్టానికి రెండు ముఖాలు.

పూడ్చిన మొదళ్ళు

కంటికి కనిపించని లోపం గురించి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షనులో స్పష్టమైన మాట ఉంది. కొనేవాడికి తెలియని, సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో గాని హక్కులో గాని ఉండి, అది అమ్మేవాడికి తెలిసి ఉంటే, చెప్పడం అతడి విధి. చెప్పకపోవడం మోసం కిందికి వస్తుంది. కనిపించే లోపానికి ఈ రక్షణ లేదు. పగిలిన గచ్చును చూడకుండా కొన్నవాడు తననే నిందించుకోవాలి. ఈ భేదాన్ని అలంకరణకు అన్వయిస్తే ఆసక్తికరమైన ఫలితం వస్తుంది. పగులు బయట ఉన్నంతకాలం అది కొనేవాడి బాధ్యత. దానిమీద రంగు పూసినవాడు ఆ లోపాన్ని కనిపించని వర్గంలోకి నెట్టి, బాధ్యతను తన నెత్తిన వేసుకొంటున్నాడు. అంటే ఇంటిని సింగారించే చెయ్యి తెలియకుండానే చెప్పవలసిన విషయాల జాబితాను పెంచుతుంది.

మామిడి సీమలో ఈ లోపానికి ఒక ప్రత్యేక రూపం ఉంది. ముప్ఫై నలభై ఏళ్ళ మామిడి చెట్టును నరికినప్పుడు మొద్దును వేళ్ళతో సహా పెకలించడం ఖర్చుతో కూడిన పని. నేల మట్టానికి కోసి పైన గ్రావెలు పరిస్తే చదునైన స్థలం సిద్ధమవుతుంది. అయితే భూమిలో మిగిలిన కలప కుళ్ళుతుంది. కుళ్ళినచోట గుల్ల ఏర్పడి నేల కుంగుతుంది. చెదలు చేరుతుంది. భవనాలకు చెదలు పట్టకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను చెప్పే భారతీయ ప్రమాణం 6313 కట్టడానికి ముందే మొద్దులను, వేళ్ళను, కలప ముక్కలను తొలగించమంటుంది. సంప్రదాయపు ఎడంతో నాటిన తోటలో ఎకరానికి సుమారు నలభై చెట్లు. అన్ని మొద్దుల మీద ఎన్ని పునాదులు పడతాయో స్థలాల పటంలో ఉండదు. పటం గీసినవారికి చెట్లు ఎక్కడున్నాయో తెలుసు, కొన్నవారికి తెలియదు. 55వ సెక్షను మాటలకు ఇంతకన్న సరిపోయే సందర్భం దొరకడం కష్టం.

అదే సెక్షను కొనేవాడి మీద కూడా ఒక విధి మోపింది. అమ్మేవాడికి తన హక్కు స్వభావం గురించి తెలియని, విలువను గణనీయంగా పెంచే సంగతి కొనేవాడికి తెలిసి ఉంటే చెప్పాలి. 2014లో రైతు దగ్గర తోట కొన్నవారికి ఇది వర్తిస్తుందా? వర్తించదు. చట్టం చెప్పినది హక్కుకు సంబంధించిన సంగతి గురించే. రోడ్డు వస్తుందన్న కబురు, రాజధాని వస్తుందన్న కబురు దాని పరిధిలో లేవు. అర్థశాస్త్రం నాటి బహిరంగ ప్రకటనలో కబురు ఊరంతటిదీ అయ్యేది. కచేరీ గదిలో అది తెలిసినవాడి సొత్తు.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం చూపును బాధ్యతకు కట్టివేసింది. ప్రకటనలోని సమాచారాన్ని గాని, నమూనా ఇంటిని లేదా నమూనా స్థలాన్ని గాని నమ్మి బయానా ఇచ్చినవారు అందులోని అసత్యం వల్ల నష్టపోతే ప్రమోటరు పరిహారం చెల్లించాలని ఆ చట్టం 12వ సెక్షను నిర్దేశించింది. హక్కులో లోపం వల్ల కలిగిన నష్టానికి పరిహారం కోరడానికి కాలపరిమితి అడ్డు రాదని 18వ సెక్షను చెప్పింది. పూర్వం పత్రం మాత్రమే సాక్ష్యం. ఇప్పుడు కరపత్రం కూడా సాక్ష్యం. అయితే ఐదువందల చదరపు మీటర్లకు మించని చిన్న లేఅవుట్లకు నమోదు నిర్బంధం లేదు. తన పాత ఇల్లు తాను అమ్ముకొనే గృహస్థు ఈ చట్టం కిందికి రాడు. అతడికి, అతడి దగ్గర కొనేవాడికి మిగిలినవి 1882 నాటి మాటలే.

దస్తావేజుల షెడ్యూలు భాషలో ఈ పరిణామమంతా నమోదవుతున్నది. తోట అమ్మకపు పత్రంలో ‘మామిడి ఫలవృక్షములతో సహా’ అన్న మాట, హద్దుల్లో ఫలానావారి తోట, ఫలానావారి పొలం, డొంక, వాగు ఉంటాయి. ఆ తోట స్థలాలైన తరువాత రాసిన పత్రంలో తూర్పున నలభై అడుగుల రోడ్డు, మిగతా మూడు వైపులా ప్లాటు నంబర్లు. పొరుగువాడి పేరు లేదు. అతడింకా రాలేదు, కొన్నచోట్ల ఎప్పటికీ రాకపోవచ్చు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం అన్న వరుస మాత్రం యథాతథంగా ఉంది. చెట్లు షెడ్యూలులోంచి తొలగి వెంచరు పేరులోకి చేరాయి.